లోపలి బ్రేక్ ప్యాడ్ అరిగిపోయింది, బయటిది అలాగే ఉంది

మొన్న ఖమ్మం నుంచి విజయవాడ వచ్చి కారు దిగగానే కాలిన వాసన. ముందు ఎడమ చక్రం దగ్గర చెయ్యి పెడితే సెగ కొడుతోంది, కుడిది మామూలుగానే ఉంది.

మర్నాడు ఆటోనగర్‌లో విప్పించాను. లోపలి ప్యాడ్ 2 మిల్లీమీటర్లకి వచ్చేసింది, బయటిది ఇంకా 7 ఉంది! "ప్యాడ్లు మార్చేద్దాం అన్నా" అంటే, "ఆగండి సార్, ఎందుకు అరిగిందో చూడాలి కదా" అన్నాడు మెకానిక్.

ప్యాడ్‌ని చక్రం డిస్కుకి నొక్కే పిస్టన్ వెనక్కి నొక్కితే సాఫీగానే వెళ్లింది. కాలిపర్ (పిస్టన్ ఉండే, డిస్కుకి రెండు వైపులా వచ్చే బిగింపు) జారే పిన్ను మాత్రం కదల్లేదు. రబ్బరు తొడుగు చిరిగి, నీళ్లు దిగి, పిన్ను నిండా ఎర్రటి తుప్పు. బ్రేకు తొక్కితే పిస్టన్ లోపలి ప్యాడ్‌ని నొక్కుతుంది, కాలిపర్ జరిగి బయటిదాన్ని లాక్కొస్తుంది. పిన్ను బిగుసుకుంటే ఆ జరగడమే ఉండదు, భారమంతా లోపలి ప్యాడ్ మీదే.

పిన్నులు, తొడుగులు కొత్తవి వేసి సిలికాన్ గ్రీజు రాశాడు. మామూలు గ్రీజుకి రబ్బరు ఉబ్బిపోతుంది. ప్యాడ్లు రెండు వైపులా మార్చాం. మీరు ప్యాడ్లు మార్పించినప్పుడు పిన్నులు కూడా లాగి చూడమనండి, ప్లీజ్.

రోజూ పిల్లల్ని స్కూల్లో దింపేది ఈ కారులోనే. ఆ అరిగిన ప్యాడ్ చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.