ఏపీపీ ఊళ్లోకి వెళ్తే

సహాయ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ (ఏపీపీ)గా నేను ఎక్కువకాలం పనిచేసింది ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల మేజిస్ట్రేట్ కోర్టుల్లో. ఉద్యోగంలో ఉండగా బయటికి రాసే వీలు లేక ఆగిపోయిన మాట ఒకటి ఉంది. పదవీ విరమణ అయింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. నేరం జరిగిన తరువాత కోర్టులో వాదించడానికి మాకు జీతమిచ్చే ప్రభుత్వం, నేరం జరగకముందు మమ్మల్ని ఊళ్లోకి పంపాలి. అది ఏపీపీ ఉద్యోగంలో భాగం కావాలి.

ఎందుకు ఏపీపీయే వెళ్లాలి అని అడిగేవాళ్లుంటారు. ఎస్సైకి తన స్టేషన్ పరిధి మాత్రమే తెలుస్తుంది, అది బాగా తెలిసేలోపు బదిలీ అయిపోతుంది. జడ్జి గారు తమ ముందున్న కేసును దాని సాక్ష్యాన్ని బట్టే చూడాలి, చట్టం అంతకు మించి చూడనివ్వదు. న్యాయవాదికి తన కక్షిదారు ముఖ్యం. నాలుగైదు స్టేషన్ల చార్జిషీట్లు ఏళ్ల తరబడి వచ్చి చేరేది ఏపీపీ బల్ల మీదికే. వాటిని చదివి, సాక్షులతో మాట్లాడి, వాళ్లను బోనెక్కించే మనిషికి ఏ ఊళ్లో ఏ కాలంలో ఏ గొడవ పుడుతుందో తెలిసిపోతుంది. ఆ తెలివిడి కేసు ముగియగానే రికార్డు గదిలోకి వెళ్లిపోతోంది. నా బాధ అదే.

సాగర్ కుడి కాలువ చివరి భూముల సంగతి చెబుతాను. కాలువకు నీళ్లు వదిలాక కొన్ని నెలలకు మా దగ్గరికి ఒకే రకం కేసు కట్టలు వచ్చేవి. రాత్రి నీటి వంతు. పై చేను ఆయన మడవ తెరిచాడు, కింది చేను ఆయన వచ్చి కట్టేశాడు. మాట పెరిగింది. చేతిలో పార ఉంది. ముద్దాయి, దెబ్బతిన్నవాడు చాలాసార్లు దాయాదులే. ఆ మర్నాడు రెండో వర్గం కూడా స్టేషన్‌కు వెళ్లి ఎదురు కేసు పెడుతుంది. గొడవలో ఉన్నది ఇద్దరే అయినా ఎఫ్ఐఆర్‌లో అటు ఐదుగురు, ఇటు ఐదుగురు ఉంటారు. తరువాత ఏళ్ల తరబడి వాయిదాలు. చివరికి పెద్దమనుషుల దగ్గర మాట కుదురుతుంది. బోనెక్కిన సాక్షి, చీకట్లో ఎవరు కొట్టారో తాను చూడలేదని చెబుతాడు. కేసు కొట్టేస్తారు. దెబ్బతిన్న మనిషి కోర్టు వరండాలో నాకు చెయ్యి చూపించేవాడు, ఆ వేళ్లు అప్పటికీ ముడుచుకోవు. నాకు అతని ముఖంలోకి చూడడం కష్టంగా ఉండేది.

అటువంటి ఒక ఊరికి నీళ్లు వదలకముందే వెళ్లాను. సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం 1997లో వచ్చాక ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘం సమావేశం అది, పంచాయతీ కార్యాలయం వసారాలో జరిగింది. బస్సులోనే వెళ్లాను. ఎస్సై గారు మర్యాదగా జీపు పంపిస్తానన్నారు, వద్దన్నాను. దానికి గట్టి కారణం ఉంది. మమ్మల్ని జనం పోలీసులనే అనుకుంటారు. ఒకప్పుడు మేజిస్ట్రేట్ కోర్టుల్లో పోలీసు అధికారులే వాదించేవారు. 1973 నేర విచారణ స్మృతి ఆ పద్ధతిని మార్చాలని చూసింది. దర్యాప్తు చేసే శాఖ కింద ప్రాసిక్యూటర్ ఉండకూడదని షహానే కేసులో 1995లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. 2005 సవరణతో ప్రాసిక్యూటర్లను పర్యవేక్షించే ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్‌కు చట్టంలోనే చోటు వచ్చింది. అయినా ఈ మధ్య కూడా మన రెండు రాష్ట్రాల్లో ఏపీపీ పోస్టుల ప్రకటన పోలీసు నియామక మండలి నుంచే వెలువడింది. జనం పొరబడడంలో వాళ్ల తప్పేముంది? జీపు దిగిన మనిషి ముందు ఎవరూ తమ చేను గొడవ చెప్పుకోరు.

అక్కడ నేను శిక్షల సంగతి చెప్పాను. చేత్తో కొట్టిన మామూలు దెబ్బకు ఏడాది వరకు జైలు. అదే దెబ్బ ఆయుధంతో కొడితే మూడేళ్ల వరకు. పార దెబ్బకు ఎముక విరిగితే పదేళ్ల దాకా, యావజ్జీవం దాకా కూడా వెళ్లవచ్చు. ఇది విని ఎవరూ పెద్దగా చలించలేదు. వాయిదాకు వచ్చిన ప్రతిసారీ పోయే కూలి, వకీలు ఫీజు, బస్సు చార్జీలు కలిపి లెక్క చెప్పినప్పుడు కాస్త కదిలారు. కేసు నడుస్తుండగా పాస్‌పోర్టు కావాలంటే కోర్టు అనుమతి తెచ్చుకోవాలని, గొడవలో లేని కొడుకు పేరు కూడా ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కితే వాడి ఉద్యోగానికి పోలీసు విచారణ దగ్గర అడ్డు పడుతుందని చెప్పినప్పుడు వసారా అంతా నిశ్శబ్దమైంది.

అసలు మాట చెప్పింది నేను కాదు, వెనక కూర్చున్న ఒక పెద్దాయన. "శిక్షల సంగతి బాగానే చెప్పావు తల్లీ. ఎవరి వంతు ఎప్పుడో కాగితం మీద రాసి ఈ గోడకు అంటించమని చెప్పు. రాత్రిపూట లస్కరు తూము దగ్గర ఉండాలని చెప్పు. సగం గొడవలు పుట్టవు" అన్నారు. లస్కరంటే కాలువ తూములు చూసుకునే మనిషి. సంఘం అధ్యక్షుడు అక్కడే ఉన్నారు. వంతుల పట్టిక రాయించి అంటించారు. నీటిపారుదల శాఖ సహాయ ఇంజనీరు గారికి లస్కరు విషయమై సంఘం తరఫున అర్జీ రాయడంలో నేను సాయం చేశాను. ఆ ఒక్క ఊరిని చూసి లెక్కలు చెప్పను, నేనూ అక్కడి నుంచి బదిలీ అయ్యాను. కానీ నేరాన్ని ఆపే దారి శిక్షాస్మృతిలో కంటే ఆ గోడ మీద ఎక్కువగా ఉందని నాకు తెలిసింది ఆ రోజే. ప్రాసిక్యూటర్ ఊళ్లోకి వెళ్లాలనడంలో నా ఉద్దేశం చెప్పి రావడం ఒక్కటే కాదు, విని రావడం కూడా.

ఇటువంటి పని మరెక్కడైనా జరిగిందా అని వెతికితే అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ కనిపించింది. అక్కడ ముల్ట్‌నోమా కౌంటీ డిస్ట్రిక్ట్ అటార్నీ మైకేల్ ష్రంక్ 1990లో లాయిడ్ డిస్ట్రిక్ట్ అనే ప్రాంతానికి వేన్ పియర్సన్ అనే ప్రాసిక్యూటర్‌ను ప్రత్యేకంగా నియమించి, అక్కడే కూర్చోబెట్టారు. ఆయన దగ్గరికి వచ్చిన జనం పెద్ద పెద్ద నేరాల గురించి కాదు, కార్ల అద్దాలు పగలగొట్టడం, పక్కనున్న పల్లపు ప్రాంతంలో అక్రమంగా గుడారాలు వేసుకోవడం వంటి రోజువారీ చికాకుల గురించి మొరపెట్టుకున్నారు. కేసులు పెట్టడంతో సరిపెట్టక స్థానికులతో, పోలీసులతో కలిసి వాటికి దారి వెతకడమే ఆయన పనైంది. తరువాత ఆ పద్ధతి కౌంటీలో మిగతా ప్రాంతాలకు పాకింది. అందులో నాకు నచ్చనిది ఒకటుంది. మొదట ఆ ప్రాసిక్యూటర్ ఖర్చుకు అక్కడి వ్యాపారులు డబ్బిచ్చారు. డబ్బున్న వీధికే ప్రాసిక్యూటర్ దొరుకుతాడా అని అక్కడే విమర్శ వచ్చింది. ఆ విమర్శ న్యాయమైనది. మన దగ్గర ఈ పనికి ప్రభుత్వ సొమ్ము తప్ప ఎవరి పైసా ముట్టకూడదు. అక్కడ డిస్ట్రిక్ట్ అటార్నీ ఎన్నికల్లో గెలిచి వస్తారు కాబట్టి జనం మాట వినక తప్పదు. మాకు ఆ ఒత్తిడి లేదు, అందుకే ఉత్తర్వు కావాలంటున్నాను.

బడుల సంగతి కూడా చెప్పాలి. నిర్లక్ష్యంగా బండి నడిపి ప్రాణం తీసిన కేసుల్లో ముద్దాయి స్థానంలో మైనరు ఉన్నప్పుడు ఆ కాగితాలు బాలల న్యాయ మండలికి వెళ్తాయి. బండి ఇచ్చిన పెద్దవాళ్లు మాత్రం మా కోర్టుకు వస్తారు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం తల్లిదండ్రులకైనా బండి యజమానికైనా 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. తమకు తెలియకుండా తీసుకెళ్లాడని నిరూపించుకోవలసిన బాధ్యత కూడా పెద్దవాళ్లదే. ఒక ఉన్నత పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశంలో ఇది చెప్పాక ఒక తల్లి నా దగ్గరికి వచ్చి, "అమ్మా, బండి నా పేరు మీదే ఉంది. మా ఆయన కొన్నారు, వాడు ట్యూషన్‌కు వేసుకెళ్తాడు. జైలుకు నేను వెళ్లాలా?" అని అడిగింది. వెళ్లాల్సి రావచ్చు అని చెప్పాను. ఆమె కళ్లలో భయం కంటే కోపం ఎక్కువ కనిపించింది. ఆమెను అడగకుండా కొన్న బండి, ఆమె నడపని బండి. ఈ చట్టం గురించి ఇంట్లో ఆమెకు చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

జూనియర్ కళాశాలల్లో ఇప్పుడు చెప్పవలసింది బ్యాంకు ఖాతాల గురించి. కొన్ని వేల రూపాయలకు ఆశపడి ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ ఎవరికో ఇచ్చేస్తున్నారు. మోసపోయిన వాళ్ల సొమ్ము ఆ ఖాతాలోకి వస్తుంది, మరో రాష్ట్రం పోలీసులు వచ్చి పిల్లవాణ్ని తీసుకెళ్తారు. మోసపోయినవాళ్లు వెంటనే ఫోను చేయవలసిన నంబరు 1930 అని గోడల మీద రాశారు, మంచిదే. ఖాతా అద్దెకిచ్చినవాడు కూడా ముద్దాయే అని ఏ గోడ మీదా నేను చూడలేదు.

ఈ పనికి హద్దులు ఉండాలి. ఊళ్లోకి వెళ్లిన ప్రాసిక్యూటర్ కోర్టులో నడుస్తున్న కేసు గురించి ఒక్క ముక్క మాట్లాడకూడదు. రాజీ చేయకూడదు, చేసుకొమ్మని చెప్పకూడదు. సభ అయ్యాక ఆడవాళ్లు పక్కకు పిలిచి ఇంట్లో దెబ్బల గురించి చెబుతారు. వాళ్లకు నేను సలహాదారును కాలేను. కానీ 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద ఆదాయంతో సంబంధం లేకుండా ఏ స్త్రీకైనా ప్రభుత్వం ఉచితంగా వకీలును ఇస్తుందని, 15100కు ఫోను చేయవచ్చని చెప్పగలను. చాలామందికి ఈ ఒక్క ముక్క తెలియదు.

1973 నేర విచారణ స్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత జిల్లా స్థాయిలో ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్‌కు వీలు కల్పించింది. ఏ అధికారి ఎన్నేళ్ల శిక్ష పడే కేసులను పర్యవేక్షించాలో వివరంగా రాసింది. నేర నివారణ గురించి ఆ సెక్షనులో ఒక్క మాట లేదు. పాత శిక్షాస్మృతి స్థానంలో అదే రోజున వచ్చిన భారతీయ న్యాయ సంహిత 6 నేరాలకు సమాజ సేవను శిక్షగా చేర్చింది. 5,000 రూపాయల లోపు వస్తువు మొదటిసారి దొంగిలించి తిరిగి ఇచ్చేసినవాడు అందులోకి వస్తాడు. ఆ సేవ ఏ ఆసుపత్రిలో, ఏ పార్కులో, ఎవరి అజమాయిషీలో చేయాలో ముందే ఊరితో మాట్లాడి పెట్టుకోకపోతే ఆ శిక్ష కాగితం మీదే ఉండిపోతుంది. ఆ మాట్లాడే పని ఎవరు చేస్తారు?

ఖాళీలు ఉన్నాయని, ఒక్క ఏపీపీయే రెండు కోర్టులకు ఇన్‌చార్జిగా పరుగెత్తవలసి వస్తోందని నాకు తెలుసు. నేనూ అలా పరుగెత్తాను. వారం వారం వెళ్లమని నేను అడగడం లేదు. కాలువకు నీళ్లు వదిలేముందు ఒక మధ్యాహ్నం, జూన్‌లో బడులు తెరిచాక ఒక మధ్యాహ్నం చాలు. వేదిక, దండలు, ఫ్లెక్సీ అక్కర్లేదు. దానికి కోర్టు పనికి ఇచ్చినట్టే హాజరు ఇవ్వాలి, ఊళ్లో విన్నది ఒక పేజీలో రాసి జిల్లా కార్యాలయానికి, సంబంధించిన శాఖకు పంపే ఏర్పాటు ఉండాలి. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు తీరిక లేకపోతే ప్రతి జిల్లాలోనూ పదవీ విరమణ చేసినవాళ్లం ఉన్నాం. పిలిస్తే వస్తాం, బస్సు చార్జీలు కూడా అడగం.