ఐదో రోజుకీ దిగని జ్వరం

మాది అమలాపురం దగ్గర పల్లె. మా చిన్నోడికి ఏడేళ్ళు. బ్లడ్ క్యాన్సర్‌కి విశాఖపట్నంలో కీమో చేయించి ఇంటికి తెచ్చుకున్నాం. దాళ్వా కోతలై దొడ్లో గడ్డిమేటు వేస్తున్నారు. వాడు అరుగు మీద కూర్చుని ఆ దుమ్ములోనే చూస్తూ ఉన్నాడు. లోపలికి పిలవలేదే అని తర్వాత ఎంత ఏడ్చానో.

వారం తిరక్కుండా జ్వరం. కీమో పిల్లలకి జ్వరమొస్తే గంట కూడా ఆగొద్దని ముందే చెప్పారు. అయినా దగ్గర్లో చూపిస్తే వైరల్ అని ఇంజెక్షన్ చేసి పంపేశారు. మేమూ నమ్మాం, ఒక రోజు పోయింది. విశాఖ వెళ్ళేసరికి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 500 కూడా లేవు. పెద్ద యాంటీబయాటిక్స్ ఎక్కిస్తున్నా ఐదో రోజుకీ జ్వరం దిగలేదు. దగ్గితే నెత్తురు చార. ఎక్స్‌రేలో ఏమీ తేలలేదు, సీటీలో ఊపిరితిత్తిలో గడ్డలు, చుట్టూ మసక వలయం కనిపించాయి. రక్తంలో బూజు జాడ పట్టే గెలాక్టోమానన్ పరీక్ష కూడా పాజిటివ్. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు అన్నారు డాక్టరుగారు.

నాకు తెలిసిన బూజు తడిసిన ధాన్యానికి పట్టేదే. "గడ్డి దుమ్ము వల్లేనాండీ?" అని అడిగాను.

"అదేనని చెప్పలేమమ్మా. దీని రేణువులు గాల్లో అంతటా ఉంటాయి, అందరం పీలుస్తాం. బాబుకి తెల్లకణాలు లేక నాటుకున్నాయి. ఒకరి నుంచి ఒకరికి అంటదు, చెల్లెల్ని దూరం పెట్టకండి."

ఆ బూజుకి వోరికొనజోల్ అనే మందు మొదలెట్టారు. పెద్దవాళ్ళకి సెలైన్‌లో కిలో బరువుకి 4 మిల్లీగ్రాములైతే వీడి వయసుకి 8 అట. పిల్లల ఒంట్లో ఈ మందు తొందరగా కరిగిపోతుంది. అంత ఇచ్చినా రక్తంలో మందు ఎంతుందో చూస్తే చాల్లేదు, డోసు పెంచారు. ఆ పరీక్ష చేయకపోతే మందు పనిచేయడం లేదనే అనుకునేవాళ్ళం. "అమ్మా, గోడ మెరుస్తోందే" అన్నాడొక రాత్రి. అది మందు వల్లేనని నర్సమ్మ చెప్పేదాకా నా ప్రాణం నిలవలేదు. తెల్లకణాలు పెరగడం మొదలైంది, జ్వరమూ దిగింది.

ఇంటికొచ్చాక రెండు పూటలా మాత్ర, అన్నానికి గంట ముందో గంట తర్వాతో. ఎండ తగలకూడదు. విన్‌క్రిస్టిన్ అనే కీమో ఇంజెక్షన్‌తో ఈ మాత్ర కలిస్తే నరాలు దెబ్బతినే ప్రమాదముందట. అందుకే ఆ ఇంజెక్షన్ రోజుల్లో దీన్ని ఆపి యాంఫోటెరిసిన్ అనే ఇంకో బూజు మందు ఎక్కించేవారు. అప్పటినుంచి ఎక్కడికెళ్ళినా మందుల చీటీలన్నీ సంచిలోనే.

12 వారాలు దాటాక తీసిన సీటీలో చిన్న మచ్చే మిగిలింది. మేటు చేనుగట్టుకి మార్పించాం. మేటెక్కి దూకుతానని రోజూ ఒకటే గోల. కీమో అయ్యాక ఎక్కుదువులే నాన్నా అంటున్నాను.