ఫైర్‌వాల్ మీద పంపు పెట్టమన్న పెద్దమనిషికో దండం

విమానంలో ఫ్యూయల్ పంపును ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ మనం కూర్చునే చోటికీ మధ్య ఉండే అడ్డుగోడ) మీద బిగించమని ఎవరైనా చెబితే, కాఫీ ఇచ్చి పంపించేయండి. డబ్బులు మాత్రం ఇవ్వొద్దు.

అనంతపురం బయట షెడ్డులో రెండు సీట్ల విమానం కడుతున్నాను. ఇంజన్ రోటాక్స్ 912 యూఎల్ఎస్. విమానం, రెక్క అడుగు వైపు ఉండే రకం. రెక్క పైన ఉంటే అందులోని ట్యాంకు నుంచి పెట్రోలు దానంతటదే ఇంజన్‌కు దిగుతుంది, కింద ఉంటే పంపు తప్పదు. ఇంజన్‌కు ఉన్న మెకానికల్ పంపుకు తోడుగా ఒక ఎలక్ట్రిక్ పంపు పెట్టాం. ట్యాంకులు, పైపులు, వైరింగ్ గొడవ లేకుండా అయిపోయాయి.

ఎలక్ట్రిక్ పంపును ఫైర్‌వాల్‌కు బిగించమన్నది నేను ఫీజు కట్టి పిలిపించుకున్న కన్సల్టెంట్. అందుబాటులో ఉంటుందట. పొద్దున పూట ఇంజన్ బ్రహ్మాండంగా నడిచేది. మధ్యాహ్నం వేడి మీద ఆపి, కాసేపాగి స్టార్ట్ చేస్తే ప్రెషర్ ముల్లు వణికి, 0.15 బార్ కిందికి పడిపోయేది. రోటాక్స్‌కు ఉండాల్సిన కనీస ప్రెషరే అది. పైకి లేచాక ఇలా అయితే ఏమిటి గతి?

ఆయన్ను మళ్లీ పిలిచాను. చూడ్డానికి వచ్చిన పాలిటెక్నిక్ పిల్లల ముందే, "డిజైన్ బాగానే ఉంది, బిగించిన చెయ్యే బాగాలేదు. ఇది ట్రాక్టర్ కాదండీ" అన్నాడు. పిల్లలు నవ్వారు. జీవితమంతా డీజిల్ పంపులు విప్పి బిగించిన చెయ్యి ఇది. తల కొట్టేసినట్టయింది. ఆయన చెప్పిన చోటే కొత్త పంపు కొన్నాను. మళ్లీ అదే కథ.

చివరికి దారి చూపింది మా వెల్డర్. "అన్నా, బోరులో మోటరు కిందికి దింపి నీళ్లు పైకి నెట్టిస్తాం గానీ, గట్టు మీద పెట్టి పీల్చమంటే ఎంతని పీలుస్తాది?"

అంతే సంగతి. పంపు పీల్చే వైపు ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే పెట్రోలు ఇంకా తక్కువ వేడికే ఆవిరవుతుంది. మన ఎండ, దానికి తోడు ఇంజన్ సెగ. పంపుకు ముందు పారదర్శక గొట్టం పెట్టి చూస్తే లోపల బుడగలే బుడగలు. పంపు ఆవిరిని నెట్టలేదు కదా.

ఎలక్ట్రిక్ పంపును ట్యాంకు పక్కనే, దాని అడుగు మట్టానికి దించాం. పీల్చే వైపు ముతక జల్లెడ, సన్న ఫిల్టర్ పంపు దాటాక. ఇంజన్ గదిలో పైపులకు ఫైర్‌స్లీవ్, అంటే సెగ తగలకుండా తొడిగే తొడుగు. ఆవిరి బయటపడటానికి ట్యాంకులోకి రిటర్న్ లైను. పంపుకు విడిగా ఫ్యూజు, విడిగా స్విచ్చు. ఈ వారం మిట్ట మధ్యాహ్నమే వేడి ఇంజన్ స్టార్ట్ చేశాను, ముల్లు 0.3 దగ్గర కదల్లేదు.

పెట్రోలు సంగతి కూడా చూసుకోండి. మన బంకుల్లో వచ్చేది ఇ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు; ఈ ఇంజన్‌కు కంపెనీ ఒప్పుకునేది 10 శాతం ఇథనాల్ వరకే. సీసాలో కాసిన్ని నీళ్లు పోసి గీత గీయండి, పైన పెట్రోలు పోసి కుదపండి. తేరుకున్నాక నీటి మట్టం గీత దాటితే ఇథనాల్ ఉన్నట్టే.

పంపు చాలినంత పెట్రోలు ఇస్తుందో లేదో కూడా చూసుకోండి. విమానం ముక్కు పైకెత్తి, ట్యాంకులో పెట్రోలు కాస్తే ఉంచి, కార్బురేటర్ దగ్గర పైపు విప్పి కొలపాత్రలోకి పట్టండి. టేకాఫ్‌కు ఈ ఇంజన్ గంటకు 27 లీటర్లు తాగుతుంది, పంపు దానికి 125 శాతం ఇవ్వాలి. అంటే నిమిషానికి 560 మిల్లీలీటర్లకు పైనే.

కన్సల్టెంట్ మిగతా ఫీజు కోసం ఫోన్ చేస్తున్నాడు. ఎత్తడం లేదు.