నల్లగుర్రం పేరు గోధుమరంగు

పదకొండు దాటింది. నిద్ర రావడం లేదు, కారణం ఒక గుర్రం. నవ్వండి.

మా చిన్నమ్మాయి ఐస్‌లాండ్ వెళ్ళింది. ఇవాళ నల్లటి గుర్రం మీద కూర్చున్న ఫొటో పంపింది. పేరు బ్రూన్ అట. ఈయన వెంటనే కళ్ళజోడు పెట్టుకుని ఫోనులో అర్థం వెతికి, "గోధుమరంగు! నల్లగుర్రానికి ఆ పేరేమిటి? దీనికి సరిగ్గా వినబడి ఉండదు" అని తేల్చేశారు. గుర్రాల విషయంలో మాత్రం ఆ మాటకు నలుపనే అర్థమనీ, నిజంగా గోధుమరంగులో ఉన్నదాన్ని యార్పుర్ అంటారనీ అది ఓపికగా చెప్పింది. వింటేనా! పప్పు దగ్గర అదే, మజ్జిగ దగ్గరా అదే. "రంగులు తెలియని మనుషులు" అట. ఆకునూ పసుపునూ కూడా 'పచ్చ' అనే ఇంట్లో కూర్చుని! ఎర్రావు ఏనాడైనా ఎర్రగా ఉందా? ఈ జవాబు నాకు గిన్నెలు కడిగేటప్పుడు గానీ తోచలేదు. ఎప్పుడూ ఇంతే.

నిజానికి ఆ పేరు నాకూ నచ్చలేదు. అక్కడి పురాణగాథల్లో రాత్రిని లాగే గుర్రం హ్రీమ్‌ఫాక్సి, మంచు జూలుది. దాని కళ్ళెం నుంచి జారే నురగే తెల్లవారి నేలమీద తడి. పగటిని లాగేది స్కిన్‌ఫాక్సి, మెరిసే జూలుది. మన సూర్యుడి గుర్రాలకైతే గాయత్రి, జగతి, అనుష్టుప్పు అని ఛందస్సుల పేర్లే. అంత ఊహ ఉన్నవాళ్ళు నల్లదాన్ని నల్లది అనడం బద్ధకం కాదా అనుకున్నాను.

అనుకుంటుండగానే తాతయ్య ఎద్దులు గుర్తొచ్చాయి. కర్రి, బొల్లి. ఆరేళ్ళప్పుడు బొల్లికి 'రాజహంస' అని పేరు మార్చి వారం రోజులు పిలిచాను. చెవి కూడా కదపలేదు. తాతయ్య గడప దగ్గర నుంచి "బొల్లీ" అంటే చాలు, నోట్లో గడ్డి వేలాడుతుండగానే తల తిప్పేది. దాన్ని సంతలో అమ్మిన రోజు, కొన్నవాడి చేతిలో పలుపు పెడుతూ "దీని పేరు బొల్లి, అలాగే పిలు" అని రెండుసార్లు చెప్పాడు. వాడు డబ్బు లెక్కపెట్టుకుంటున్నాడు, విన్నాడో లేదో. బద్ధకం కాదు. పొద్దున్నే లేచి చూసే మొహాన్నే పేరుగా పెట్టుకున్నాడు, అంతే.

అక్కడా బొల్లికి జోడీ ఉంది: బ్లేసి, ముఖం మీద తెల్లచార ఉన్నది. పేరు వెనుక అది పుట్టిన పొలం పేరు చేరుస్తారు, మన ఇంటిపేర్లలో ఊరి పేరున్నట్టు. ఒకసారి దేశం దాటించిన గుర్రాన్ని రోగాల భయంతో మళ్ళీ రానివ్వరు. అందుకే ఊరిపేరు కట్టి పంపుతారేమో... కాదులే, అది నా కల్పన.

ఫొటో పెద్దది చేసి మళ్ళీ చూశాను. నుదుటిమీది జూలు కింద చిన్న తెల్లమచ్చ. తాతయ్య అయితే 'చుక్క' అనేవాడు. ఈయనకు చూపించను. ఇడ్లీల దగ్గర మళ్ళీ మొదలుపెడతారు.