ఎంజీ సెట్ తీసి డ్రైవ్ పెట్టాక మా పాత డీసీ మోటారుతో నా అనుభవం

మా కర్మాగారంలోని 40 హార్స్‌పవర్ డీసీ మోటారుకు ఇన్నేళ్లూ కరెంటు ఇచ్చిన ఎంజీ సెట్‌ను (మోటారు-జనరేటర్ జంటను) తొలగించి, ఎలక్ట్రానిక్ స్విచ్చులతో ఏసీని డీసీగా మార్చి మోటారు వేగాన్ని అదుపుచేసే థైరిస్టర్ డ్రైవ్ అమర్చే పని నిన్నటితో పూర్తయింది. పది రోజుల్లో ముగుస్తుందని నేను పై అధికారులకు మాట ఇచ్చిన పనికి తొమ్మిది వారాలు పట్టింది. ఇలాంటి పాత మోటారు చేతిలో ఉన్నవారికి ఉపయోగపడుతుందని, అంతా ఇంకా కళ్లముందు ఉండగానే రాస్తున్నాను.

ఒక ఏసీ మోటారు డీసీ జనరేటర్‌ను తిప్పుతుంటే, ఆ జనరేటర్ ఫీల్డ్‌ను (అయస్కాంత బలాన్ని ఇచ్చే చుట్టలోని కరెంటును) పెంచుతూ తగ్గిస్తూ అసలు మోటారు వేగాన్ని మార్చే ఈ పద్ధతిని 1891లో హ్యారీ వార్డ్ లెనార్డ్ రూపొందించారు. ఒక మోటారు నడవడానికి మూడు యంత్రాలు తిరగాలి కనుక నష్టం ఎక్కువే కానీ, దాని నుంచి వచ్చే డీసీ మాత్రం చాలా నునుపుగా ఉంటుంది. ఆ నునుపు విలువ నాకు ఆలస్యంగా తెలిసింది.

పాత సెట్టు దించడం, కేబుళ్లు మార్చడం, ప్యానెల్ నిలబెట్టడం నాలుగు రోజుల్లో అయిపోయాయి. ఎక్కువ వోల్టేజితో ఇన్సులేషన్‌ను పరీక్షించే మెగ్గర్ పెట్టే ముందు మోటారు తీగలను డ్రైవ్ నుంచి తప్పనిసరిగా విడదీయాలి. రీవైండింగ్ షాపు నుంచి వచ్చిన కుర్రవాడు విడదీయకుండానే మెగ్గర్ తిప్పబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను, లేకపోతే థైరిస్టర్లు ఆ రోజే పోయేవి.

ఫీల్డ్ విషయంలో నేను మొదటి నుంచీ జాగ్రత్తగా ఉన్నాను. మాది 220 వోల్టుల ఫీల్డ్. 240 వోల్టుల సింగిల్ ఫేజ్‌ను ఏసీని డీసీగా మార్చే మామూలు డయోడ్ బ్రిడ్జికి ఇస్తే 216 వోల్టులు వస్తాయి కనుక అది సరిపోయింది. ఇలాంటి మోటారుకు లోడు లేనప్పుడు ఫీల్డ్ తెగితే వేగం అదుపు తప్పి, తిరిగే భాగమైన ఆర్మేచర్ చుట్టలే విడిపోవచ్చు. అందుకే ఫీల్డ్ కరెంటు పడిపోగానే డ్రైవ్ ఆగిపోయే ఏర్పాటును, మోటారు నిలిచి ఉండగా ఫీల్డ్ ఫ్యూజు తీసి నా చేతులతో మూడుసార్లు పరీక్షించాను. ఈ ఒక్క పనిని మాత్రం ఎవరి మాట మీదా వదిలిపెట్టకండి.

లోడు లేకుండా మోటారు చక్కగా తిరిగింది. లోడు పెట్టిన రోజు పై అధికారులందరూ చూడడానికి వచ్చారు. వేగం అందుకుంటూ ఉండగానే, ఆర్మేచర్‌కు కరెంటు అందించే బ్రష్షుల కింద చిన్న రవ్వలు మొదలై, అర నిమిషం తిరగకుండానే అవి రాసుకునే రాగి కమ్యుటేటర్ చుట్టూ నీలి మంట వలయంలా తిరిగింది. ఎమర్జెన్సీ బటన్ నొక్కింది నేనే. ఆ నిశ్శబ్దంలో డ్రైవ్ సంస్థ ఇంజినీరు అందరికీ వినపడేలా, "బ్రష్షులు కూడా సరిగ్గా చూసుకోలేని చోట డ్రైవ్ ఎందుకు పెట్టించుకున్నారండీ" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తరువాతి ఐదు వారాలు ఆ మాట నిజమేనన్న అనుమానంతోనే పనిచేశాను. కమ్యుటేటర్‌ను లేత్ మీద పల్చగా కోయించి, దాని రాగి ముక్కల (సెగ్మెంట్ల) మధ్య ఉండే మైకాను లోతు చేయించాను. బ్రష్షుల రకం రెండుసార్లు మార్చాను. ఫీల్డ్‌కు కరెంటు ఇస్తూ తీసేస్తూ, బ్రష్షుల మధ్య పెట్టిన మిల్లీవోల్ట్‌మీటర్ ముల్లు కదలని చోటు వెతికి న్యూట్రల్‌ను, అంటే బ్రష్షులు ఉండవలసిన స్థానాన్ని, మళ్లీ సరిచేశాను. బ్రష్షుల కింద రవ్వలు రాకుండా చూసే చిన్న అయస్కాంతాలైన ఇంటర్‌పోల్‌ల ధ్రువాలనూ చూశాను. ఏం చేసినా రవ్వలు తగ్గలేదు. రీవైండింగ్ షాపువారు ఆర్మేచర్ మొత్తం మళ్లీ చుట్టాలన్నారు, డ్రైవ్ వారు మోటారునే పారేయమన్నారు. డ్రైవ్ తెర మీద కరెంటు మాత్రం 75 ఆంపియర్లే, అంటే పూర్తి లోడులో సగమే చూపించేది.

దారి చూపింది ఉద్యోగ విరమణ చేసిన మా పాత ఎలక్ట్రీషియన్. పలకరించడానికి వచ్చి, మోటారు బయటి ఇనుప చట్రమైన యోక్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు విని, "బాబూ, ఇది మన మోటారు గొంతు కాదు. సెట్టు మీద ఇది ఇలా మూలిగేది కాదు" అన్నారు. ఆ మూలుగు 300 హెర్ట్జ్‌ది. 50 హెర్ట్జ్ సరఫరా మీద డ్రైవ్‌లోని ఆరు థైరిస్టర్ల బ్రిడ్జి సెకనుకు పుట్టించే అలల సంఖ్య అదే.

వెంటనే కరెంటు కొలిచే షంట్‌కు ఆసిలోస్కోప్ తగిలించాను. గీత నిలకడగా ఉండవలసిన చోట కరెంటు గుట్టలు గుట్టలుగా లేచి ప్రతిసారీ సున్నా దాకా పడిపోతోంది. ట్రూ ఆర్ఎంఎస్ మీటరు 92 ఆంపియర్లు చూపించింది. డ్రైవ్ తెర చూపేది సగటు మాత్రమే, వైండింగ్ వేడెక్కేది ఆర్ఎంఎస్ ప్రకారం. 75కూ 92కూ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక ఆ సగం లోడుకు పుట్టవలసిన దానికి ఒకటిన్నర రెట్లు వేడిని మోటారు భరిస్తోంది.

కారణం అక్కడి నుంచి లెక్కకు అందింది. 415 వోల్టుల త్రీఫేజ్‌ను నేరుగా ఇస్తే ఈ బ్రిడ్జి గరిష్ఠంగా 560 వోల్టుల డీసీ ఇవ్వగలదు. మా ఆర్మేచర్‌కు కావలసింది 220 మాత్రమే. కాబట్టి ఏసీ అల మొత్తాన్ని 360 డిగ్రీలు అనుకుంటే, థైరిస్టర్లు దాదాపు 67 డిగ్రీలు ఆలస్యంగా కరెంటు వదులుతున్నాయి, ఆ ఆలస్యమే అలలను అంత ఎత్తుకు లేపుతోంది. పైగా మా మోటారు యోక్ రేకులు పేర్చి చేసింది కాదు, ఒకే దిమ్మ. కరెంటు గబగబా మారినప్పుడు ఆ దిమ్మలో పుట్టే సుడి ప్రవాహాల వల్ల ఇంటర్‌పోల్ అయస్కాంత బలం వెనకబడుతుంది, బ్రష్ కింద కరెంటు సమయానికి తిరగబడదు, రవ్వలు లేస్తాయి. మోటారులో లోపం లేదు, దానికి అలవాటు లేని కరెంటు మేము ఇచ్చాము. ఇది ఇంజినీర్లు ముగ్గురు ఉన్న ఆ సంస్థ చెప్పలేదు, నేను కనుక్కున్నాను. ఆర్డరు పత్రంలో వారు హార్స్‌పవర్, వోల్టులు, ఆంపియర్లు తప్ప మరేమీ అడగలేదు. యోక్ ఎలాంటిదని, ఇంతకు ముందు ఏ సరఫరా మీద నడిచిందని అడగని వారి దగ్గర పాత మోటారుకు డ్రైవ్ కొనకండి.

415 నుంచి 200 వోల్టులకు దించే 50 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించాను. ఇప్పుడు గరిష్ఠం 270 వోల్టులు కనుక థైరిస్టర్లు 35 డిగ్రీల దగ్గరే కరెంటు వదులుతున్నాయి, పవర్ ఫ్యాక్టర్ కూడా బాగుపడింది. డ్రైవ్ సెట్టింగులలో కరెంటు పెరిగే వేగానికి పరిమితి విధించాను. అదే 75 ఆంపియర్ల లోడు దగ్గర ఆర్ఎంఎస్ ఇప్పుడు 77. కరెంటు అలలను తగ్గించే చుట్ట అయిన చోక్ కూడా కొనమని డ్రైవ్ వారు ఒత్తిడి చేశారు, ఈ అంకెలు చూపించి అక్కరలేదన్నాను.

నిన్న పూర్తి లోడు మీద ఎనిమిది గంటలు నడిపించి, చల్లారాక మూత తీసి చూశాము. కమ్యుటేటర్ చుట్టూ ఒకే తీరుగా చాక్లెట్ రంగు పొర పట్టింది, సెగ్మెంట్ల అంచుల మీద కాలిన మచ్చ ఒక్కటీ లేదు. మోటారు నేమ్‌ప్లేట్ పక్కన ఇంకో రేకు బిగించి, డ్రైవ్‌కు ఇచ్చే ఏసీ 200 వోల్టులు దాటరాదని చెక్కించాను.