కీమోలో నోరు పూస్తే ఏ మౌత్‌వాష్ వాడాలి?

అమ్మకి కీమో రెండో సైకిల్ అయిన వారానికి నోరంతా పూసేసింది. కింది పెదవి తిప్పి చూపిస్తే లోపల తెల్లగా పుండ్లు, చుట్టూ ఎర్రగా, మంచినీళ్ళు గుక్క వేసుకున్నా కళ్ళు గట్టిగా మూసుకునేది. నేను కంగారులో షాపులో కనబడిన ఘాటు మౌత్‌వాష్ తెచ్చి ఇచ్చేశా, ఒక్కసారి పుక్కిలించి రెండు చేతులతో సింక్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది పాపం. లేబుల్ తర్వాత చదివా, అందులో ఆల్కహాల్ ఉంది. ఇంకెవరూ ఈ తప్పు చెయ్యకూడదనే రాస్తున్నా.

ముందు తెలుసుకోవాల్సింది ఏంటంటే పుండు మాన్పే మౌత్‌వాష్ వేరు, నొప్పి తగ్గించేది వేరు, మనం రెండూ ఒకటే అనుకుంటాం. 2000లో కీమో పేషెంట్ల మీద ఒక ట్రయల్ వచ్చింది, ఉప్పు-వంటసోడా నీళ్ళు, క్రిముల్ని చంపే క్లోర్‌హెక్సిడిన్, మొద్దుబార్చే మందు లిడోకైన్ కలిసిన 'మ్యాజిక్ మౌత్‌వాష్' మూడూ పోల్చి చూస్తే పుండ్లు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా ఏం లేదు. అది చదివాక మా ఇంట్లో ఉప్పు-సోడా నీళ్ళే ఖాయమైపోయాయి, లీటర్ నీళ్ళకి చెంచా ఉప్పు, చెంచా వంటసోడా, రోజూ కొత్తగా కలిపి కొన్ని గంటలకోసారి పుక్కిలించడమే.

మరి మ్యాజిక్ మౌత్‌వాష్ దండగా అంటే కాదు. 2019లో తల, మెడ రేడియేషన్ తీసుకుంటున్న 275 మంది మీద చూశారు, మ్యాజిక్ మౌత్‌వాష్, డాక్సెపిన్ (డిప్రెషన్‌కి వాడే మందు) మౌత్‌వాష్ రెండూ మొదటి నాలుగు గంటలు నొప్పి తగ్గించాయి, కాకపోతే చాలా కొద్దిగానే, పైగా డాక్సెపిన్‌తో మంట, మగత ఎక్కువ. తినలేక నీరసించిపోతున్న మనిషికి ఆ కొద్దిపాటి ఉపశమనం కూడా చాలా పెద్దదని నేనంటాను. లిడోకైన్ ఉంటే మాత్రం నోరు మొద్దుబారుతుంది, వెంటనే తింటే బుగ్గ కొరుక్కుంటారు, జాగ్రత్త.

రేడియేషన్ వాళ్ళకి పుండ్లు రాకుండా బెంజిడమిన్ అనే మౌత్‌వాష్ ఇస్తారు. ఎవెరోలిమస్ అనే క్యాన్సర్ టాబ్లెట్ వాడేవాళ్ళకి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మౌత్‌వాష్‌తో పుక్కిలించడం బాగా పనిచేస్తుంది. అంటే చికిత్సని బట్టి మౌత్‌వాష్ మారుతుంది, డాక్టర్ని అడగాల్సింది ఇదే.

అమ్మకి ఇచ్చే కీమో మందు ఫ్లోరోయురాసిల్. మూడో సైకిల్‌లో ఇంజెక్షన్‌కి ఐదు నిమిషాల ముందు నుంచి అరగంట సేపు నోట్లో ఐసు ముక్కలు పెట్టించారు (ఆక్సాలిప్లాటిన్ అనే ఇంకో కీమో మందు కూడా ఎక్కిస్తుంటే చల్లదనం పడదు, అడగకుండా చెయ్యొద్దు). ఈసారి రెండే పుండ్లు వచ్చాయి, నీళ్ళు తాగేటప్పుడు కళ్ళు మూసుకోలేదు.