బెంగ అన్న మాట

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి వెళ్లాక ఒడిశాలోని మా పర్లాకిమిడి మెల్లగా సర్దుకుంది. పెంకులు నేయించాం, కరెంటొచ్చింది, బడి తెరిచారు. నేనే సర్దుకోలేకపోయాను. పదిహేడేళ్లుగా లెక్కలు చెబుతున్నదాన్ని, బోర్డు మీద సగం లెక్క వేసి ఆ తర్వాత ఏం చేయాలో తోచక నిలబడిపోయేదాన్ని. తెల్లవారుజామున మూడింటికే మెలకువ. గుండెల మీద రోకలిబండ పెట్టినట్టు బరువు. అన్నం సయించేది కాదు.

ఈసీజీ తీశారు, థైరాయిడ్ చూశారు. రెండూ బాగానే ఉన్నాయి. "మీకేం జబ్బు లేదు, టెన్షన్ పెట్టుకోకండి" అని ఒక డాక్టరు పంపించేశారు. దాంతో భయం ఇంకా పెరిగింది. జబ్బే లేకపోతే మందెక్కడ దొరుకుతుంది? అత్తయ్య దిష్టి తీశారు. ఆవిడను తప్పుపట్టను, పక్కన కూర్చుని ముద్దలు కలిపి తినిపించింది ఆవిడే.

చివరికి మా ఆయన బరంపురంలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లారు. ఆ డాక్టరు ఒడియాలో అడిగారు. నేను చదివిందీ, చదువు చెప్పిందీ ఒడియాలోనే. అయినా నోరు పెగల్లేదు. పక్క గదిలో కౌన్సెలర్ మావైపు మనిషి. "ఏటమ్మా, బెంగెట్టుకున్నావా?" అంది. చిన్నప్పుడు మా అమ్మ అడిగే మాట అది. ఆ రాత్రి గాలి హోరు, పిల్లల్ని మంచం కింద దాచడం, అంతకు ముందేడు అమ్మ పోతే సరిగ్గా ఏడవనైనా ఏడవకపోవడం, అన్నీ చెప్పుకున్నాను.

మందు వెంటనే పనిచేయలేదు. మొదటి వారమంతా వికారం. నాలుగో వారానికి నిద్ర కుదిరింది. ఆరో వారంలో ఒకరోజు చారు పోపు వాసన బాగుందనిపించింది. తగ్గాక కూడా తొమ్మిది నెలలు వాడమన్నారు. మధ్యలో మానేస్తే తిరగబెడుతుందట.

తర్వాత ఇగ్నోలో సైకాలజీ ఎం.ఏ. చేశాను. పుస్తకాలన్నీ ఇంగ్లీషే. ఒక్కో లక్షణం పక్కన మన మాట రాసుకున్నాను. గాబరా, దడ, మనసు విరగడం, బెంగ.

బడి మానేసి ఇప్పుడు కౌన్సెలర్‌గా చేస్తున్నాను. మందులు రాయడం నా పని కాదు, అవసరమనిపిస్తే డాక్టరు దగ్గరికి పంపుతాను. రాత్రిపూట కష్టంగా ఉంటే మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్‌కు ఫోన్ చేయమని 14416 చీటీ మీద రాసిస్తాను. తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

మొన్న ఒక పెద్దాయన తలనొప్పని స్కానింగుల కట్ట పట్టుకొచ్చారు. ఎవరో చెప్పను. ఆ కట్ట పక్కన పెట్టి, "నిద్ర పడతందా బావూ?" అన్నాను. చాలాసేపు తలుపువైపే చూశారు.

"మూడింటికే లేచిపోతన్నానమ్మా" అన్నారు.

కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.